గాలి గొట్టంలో దూది

దూదేకుల జొహరాబీ ఆదోనిలో కొడుకు ఇంట్లో ఉన్న రోజుల్లో ఆమె గదిలోంచి వాసన వచ్చేది. ముందే చెప్పేయడం మంచిది, ఆ వాసన ఆమెది కాదు. గది మూలన స్నానానికి, కడుగుళ్ళకు కట్టిన జాలాడి తూములోంచి వచ్చేది. ఈ సంగతి ఇంట్లో ఒక్కరికి తట్టి ఉన్నా ఈ కథకు పని ఉండేది కాదు. ఎవరికీ తట్టలేదు. దాంతో అరవై దాటిన మనిషి ఒక ఎండాకాలమంతా తన ఒంటిని తానే ఏవగించుకుంటూ బతికింది. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఎవరి మీద కోప్పడాలో మాత్రం తేలదు.

ఆమెది దేవనకొండ అవతల, వానల మీద బతికే పల్లె. మొగుడు మౌలాలి ఊరూరూ తిరిగి దూది ఏకేవాడు, ఆమె పరుపులు కుట్టేది. చేయి వేసి చూసి ఇది కొత్త దూది, ఇది పాత పరుపులోంచి తీసి మళ్ళీ ఏకింది అని కళ్ళు మూసుకుని చెప్పేది. ఇద్దరు పిల్లల్ని ఆ సూదితోనే పెంచింది. మనిషి గట్టిది, నోరు అంతకన్నా గట్టిది. పరుపు ఇరుకైందని పేచీకి దిగిన ఒక పెద్దింటి ఇల్లాలితో, "పరుపు ఇరుకు కాలేదమ్మా, మీరే ఒళ్ళు సేసినారు" అని ముఖానే అనేసి, ఆమెనే నవ్వించి వచ్చిన రకం.

ఒక్క నీళ్ళ దగ్గర మాత్రం పరమ పిసినారి. వాళ్ళ పల్లెలో మంచినీళ్ళంటే పొలాల మధ్య ఉన్న బావి. ఎండలు ముదిరితే ఆ బావిలోనూ బురదే. అందుకని జొహరాబీ వెడల్పాటి సత్తు తొట్టిలో కూర్చుని స్నానం చేసేది. ఒంటి మీద పోసుకున్న నీళ్ళు తొట్టిలోనే ఉండిపోతాయి. వాటితో మసిగుడ్డలు జాడించి, చివరికి మిగిలింది తీసుకెళ్ళి గోరింట చెట్టు మొదట్లో పోసేది. పుట్టింట్లో అదే నేర్చుకుంది, కూతురికి అదే నేర్పింది. నీళ్ళను ఊరికే కాలువలోకి వదలడమంటే ఆమె లెక్కలో అన్నం పారబోయడమే.

మౌలాలి పోయాక కొడుకు హుసేనప్ప వచ్చి ఆమెను ఆదోనికి తెచ్చుకున్నాడు. అప్పటికే అతడికి అక్కడ పరుపుల అంగడి ఉంది. పత్తి మిల్లుల ఊరు, దూదికి కొదవ లేదు. డెబ్బై నాలుగులో ఊరి చివర కొత్తగా లేచిన వీధిలో ఇల్లు కట్టాడు. కోడలు షరీఫా బీ ఆదోని పిల్ల. ఆమెకు ఒకటే పట్టు, వీధిలో బండ మీద కూర్చుని అందరి కళ్ళ ముందు గిన్నెలు తోమడం తనవల్ల కాదని. అందుకని ఇంటిలోపలే రెండు జాలాళ్ళు పెట్టించారు. ఒకటి వంటింటి పక్కన. రెండోది అత్త గది మూలన, పెద్దావిడ స్నానానికీ, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకీ బయటికి నడవకుండా.

ఆ పని చేసినవాడు గిడ్డయ్య. మేస్త్రీ పని, గొట్టాల పని రెండూ చేసేవాడు, రెండూ కలిపినదానికన్నా ఎక్కువ మాట్లాడేవాడు. తూము కింద గొట్టాన్ని తిన్నగా కాలువలోకి వదలకుండా, బాతు మెడలాగా కిందికి వంచి మళ్ళీ పైకి లేపాడు. పోసిన నీళ్ళలో కొన్ని ఆ వంపులో నిలిచిపోతాయి. నిలిచిన ఆ నీళ్ళే తలుపు. కాలువలోని కంపు ఆ నీళ్ళను దాటి ఇంట్లోకి రాలేదు. రెండు జాలాళ్ళ గొట్టాలూ నేల కింద కలిసి వీధి కాలువకు పోతాయి. ఆ కలిసిన చోటు నుంచి ఇంకో గొట్టాన్ని గోడ వెంబడి మిద్దె పైదాకా లేపి, దాని నోరు ఆకాశానికి తెరిచి వదిలేశాడు. అది గాలి గొట్టం.

"ఈ గొట్టం ఏమిటికప్పా? నీళ్ళు పైకి పోతాయా?" అని హుసేనప్ప అడిగాడు.

"నీళ్ళు పైకి పోవు, గాలి కిందికి వస్తాది," అన్నాడు గిడ్డయ్య వీధంతా వినపడేలా. "కిరసనాయిలు పీపాలో రబ్బరు గొట్టం పెట్టి నోటితో గుంజుతావు సూడు. ఒగ పారి గుంజితే సాలు, ఇంగ అదే కారతాంటాది. ఈడా అంతే. బకెట్టు నీళ్ళు దబామని దిగితే గొట్టం గుంజుతాది. పైనుంచి గాలి అందితే సరే. అందకపోతే ఆ వంపులో నీళ్ళన్నీ గుంజేస్తాది. అప్పుడు కాలువ కంపంతా నీ ఇంట్లోనే."

హుసేనప్ప తల ఊపాడు. వీధిలో నిలబడ్డ నలుగురు మగవాళ్ళూ తల ఊపారు. జాలాడిలో పొద్దస్తమానం పని చేసేది ఆడవాళ్ళు, దాని మర్మం వినిపించింది మగవాళ్ళకు. షరీఫా బీకి గానీ జొహరాబీకి గానీ వంపు సంగతి, గాలి సంగతి ఒక్కరూ చెప్పలేదు. చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. జొహరాబీ ఇక్కడా తొట్టి మానలేదు. ఆదోనిలోనూ కొళాయి నీళ్ళు వచ్చినప్పుడు వచ్చినట్టు, లేనప్పుడు లేనట్టు. ఆమె స్నానం నీళ్ళు పెరట్లోని గోరింటకే పోయేవి. వజూ చేసుకునేటప్పుడు చేతుల మీదనుంచి జారిన ఆ కాసిని నీళ్ళే తూములోకి దిగేవి. వంపు నిండడానికి అవే సరిపోయేవి. మా అత్త చుక్క నీళ్ళు వృథా చేయదని షరీఫా బీ వీధిలో గొప్పగా చెప్పుకునేది.

డెబ్బై తొమ్మిది ఎండాకాలం మొదట్లో పక్కింటి లక్ష్మక్క మిద్దె మీద సండిగెలు పెట్టింది, వడియాలన్నమాట. గాలి గొట్టం నోరు సరిగ్గా ఆమె మిద్దె పక్కనే ఉంది.

"హుసేనప్పా, మీ గొట్టం మా సండిగెల మీదనే ఊపిరి ఇడుస్తాంది. నూనెలో ఏస్తే మోరీ వాసన వస్తాందప్పా," అని గోడ మీదనుంచి మొర పెట్టుకుంది.

ఇరుగుపొరుగుతో మాట పడడం హుసేనప్పకు గిట్టదు. వెంటనే మిద్దె ఎక్కి, అంగట్లోంచి తెచ్చిన నల్లబడ్డ పాత దూదిని గొట్టం నోట్లో దట్టించి, పైన గోనెగుడ్డ చుట్టి పురికొసతో కట్టేశాడు. పరుపు మూల కుట్టినంత శ్రద్ధగా కట్టాడు. దిగి వచ్చి అన్నం తిని అంగడికి పోయాడు. లక్ష్మక్క సండిగెలు బాగుపడ్డాయి. అతడు ఆ దూది సంగతి మరిచేపోయాడు.

ఆ తర్వాత షరీఫా బీ వంటింట్లో బకెట్టు గుమ్మరించినప్పుడల్లా జొహరాబీ గదిలో తూము గుడగుడలాడేది. పెద్దావిడ పట్టించుకోలేదు. పట్నం ఇళ్ళు, వాటి గోల వాటిది అనుకుంది. వాసన మొదట ఆమెకు తెలియలేదు. ఎప్పుడూ ఆ గదిలోనే ఉండే మనిషికి ఎలా తెలుస్తుంది? ఆరేళ్ళ మనవరాలు మున్నీకి తెలిసింది.

"జేజీ, నీ కాడ వాసన వస్తాది. నేను నీ పక్కన పండుకోను," అంది ఆ పిల్ల, ముక్కు మూసుకుని.

షరీఫా బీ పరుగెత్తుకొచ్చి పిల్ల నోరు నొక్కి అవతలికి ఈడ్చుకుపోయింది. అదే జొహరాబీని కలవరపెట్టింది. పిల్ల కూసిన మాటకు కోడలు నవ్వి ఉంటే తానూ నవ్వేది. నోరు నొక్కిందంటే, ఆ మాట ఇంతకుముందే వంటింట్లో అనుకున్నారన్నమాట. పిల్ల తెలియక బయట పెట్టింది. తలుపు దగ్గరికి వేసుకుని తన కొంగు వాసన చూసుకుంది. రవికె వాసన చూసుకుంది. ఏమీ తెలియలేదు, అయినా ముఖమంతా వేడెక్కిపోయింది.

అంతకుముందు చలికాలంలో ఆమెకు దగ్గు పట్టింది. ఒక రోజు తెరలు తెరలుగా దగ్గు వచ్చి, ఆపుకోలేక రెండు చుక్కలు చీరలోకి పోయాయి. ఎవరూ చూడలేదు. బిడ్డల్ని కన్న ఆడదానికి ఆ వయసులో అదో వింత కూడా కాదు. కానీ ఆమె ఎవరినీ అడగలేదు గనక వింత కాదని ఆమెకు తెలియదు. ఇప్పుడు మున్నీ మాట వినగానే ఆ రెండు చుక్కలే గుర్తుకొచ్చాయి. తెలియకుండానే ఇంకా పోతోందేమో అనే అనుమానం మనసులో దూరింది. కాదు, తాను శుభ్రంగానే ఉందని పొద్దున అనుకునేది. మధ్యాహ్నానికి మళ్ళీ అనుమానం మొదలయ్యేది.

అక్కణ్ణుంచి ఆమె రోజూ చాటుగా చీర ఉతుక్కోవడం మొదలుపెట్టింది. తెల్లారి స్నానం చేసిన మనిషి మళ్ళీ మధ్యాహ్నం ఉతుకుతోందంటే కోడలు ఏమనుకుంటుంది? తూములో నీళ్ళు పోస్తే గుడగుడమని చప్పుడు చేసి ఇంటిల్లిపాదికీ చాటుతుందని భయం. అందుకని ఉతికిన నీళ్ళు కూడా తొట్టిలోనే పట్టి, పెరట్లోకి మోసి గోరింటకు పోసేది. చివరికి వజూ కూడా జాలాడిలో మానేసి తొట్టిలోనే చేసుకునేది. చూడండి ఎంత అన్యాయమో. చెంబెడు నీళ్ళు ఆ తూములో పోసి ఉంటే ఆ పూటకన్నా కంపు ఆగేది. సిగ్గు ముదిరే కొద్దీ ఆమె తూముకు నీళ్ళు తగ్గించింది. నీళ్ళు తగ్గే కొద్దీ కంపు పెరిగింది. కంపు పెరిగే కొద్దీ సిగ్గు ఇంకా ముదిరింది.

షరీఫా బీ చెడ్డదేమీ కాదు. అత్తను ఒక్క మాట అనలేదు. సాయంత్రం కాగానే సాంబ్రాణి వేసి ఆ గది గడపలో పెట్టేది. "దోమలత్తా," అనేది. మంచినీళ్ళ కుండను ఆ గది పక్కనుంచి తీసి వంటింట్లోకి మార్చింది. "ఆడ ఎండ తగులుతాంది," అంది. ఒక రోజు, "నీ చీరలు ఇంగ నేను ఉతుకుతాలేత్తా, నీకెందుకు కష్టం," అంది. జొహరాబీకి తల కొట్టేసినట్టయింది. పరుపు ఇరుకైందన్న ఆవిడకు అంత జవాబు చెప్పిన నోరు, కోడలి మర్యాదకు జవాబు చెప్పలేకపోయింది. తిట్టి ఉంటే తిట్టేది. మర్యాదను ఏమని తిడుతుంది?

ఆ చుక్కలు పోతాయన్న భయంతో నీళ్ళు తాగడం తగ్గించింది. ఆదోని ఎండ సంగతి తెలిసినవాళ్ళకు అదెంత పనో తెలుస్తుంది. రాళ్ళ కొండలు పొద్దుగూకినా సెగలు కక్కే ఊరు అది. నాలుక పిడచకట్టుకుపోతున్నా గుక్కెడు తాగి చెంబు దించేసేది. కళ్ళు తిరిగి గోడ పట్టుకున్న రోజులున్నాయి. అడిగితే వయసు అనేది. వీధిలో ఎవరింట్లో ఫాతెహా ప్రార్థన జరిగినా ముందు వరుసలో కూర్చునే మనిషి, మోకాళ్ళ నొప్పులని చెప్పి పోవడం మానేసింది. లక్ష్మక్క గోడ మీదనుంచి పలకరిస్తే దూరం నుంచే బదులిచ్చేది. అందరికన్నా ఎక్కువగా పైవాడి ముందు సిగ్గుపడింది. ఈ ఒంటితో చేసే నమాజు చెల్లుతుందా అని మసీదులో అడిగించుకోవాలంటే కొడుకుతోనే అడిగించాలి. అది నోటితో ఎలా చెబుతుంది? అడగకుండానే రోజూ చాప పరుచుకునేది.

ఇంత బాధలోనూ ఆమెకు ఒక ధైర్యం ఉండేది. హుసేనప్పకు తెలియదు. పొద్దున అంగడికి పోతే దీపాలు పెట్టే వేళకు గానీ రాడు. వచ్చాక గడపలో నిలబడి "తిన్న్యావా మా?" అని అడుగుతాడు. కొడుకు ముఖంలో ఏ తేడా లేదు. కోడలు పరాయి ఇంటి నుంచి వచ్చింది, మున్నీ పసిది, వాళ్ళు ఏమనుకున్నా కొడుకు మాత్రం అనుకోలేదు. ఆ ఒక్క ఆధారంతో ఆమె ఎండాకాలం నెట్టుకొచ్చింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పరుపును ఎండలో వేద్దామని ఎత్తింది. బరువు తేడాగా అనిపించింది. చేయి వేసి చూసింది. దూది కొత్తది, ఈ ఏడు పత్తి. తాను ఏదో పనిమీద బయట ఉన్నప్పుడు కొడుకు పాత దూది తీసేసి కొత్తది నింపాడన్నమాట. అడగకుండానే చేసిన కొడుకును తలచుకుని ఆమెకు కళ్ళు చెమర్చాయి. కుట్టు ఎంత వాటంగా ఉందో అని వేళ్ళతో తడుముతూ పోయింది. పై గుడ్డకూ దూదికీ మధ్య ఏదో జారింది.

జీవితమంతా పరుపులు కుట్టిన చేతులు అవి. వాటిని మోసం చేయడం ఆ కొడుకు వల్ల కాదు. గోటితో మూల కుట్టు ఒకటి విప్పి వేలు దూర్చి చూసింది. బాలింతలకు, మంచం పట్టినవాళ్ళకు కింద వేసే ఎర్ర రబ్బరు గుడ్డ. పరుపు నిడివీ పరిచి, ఆమెకు తెలియకూడదని లోపల పెట్టి, పైన సన్నటి కుట్టుతో మూసేశాడు.

జొహరాబీ పరుపు పక్కనే నేల మీద కూలబడింది. ఏడుపు కూడా రాలేదు. ఇంక అనుమానం అక్కర్లేదు. కొడుకుకు తెలుసు, ఎప్పటినుంచో తెలుసు. తెలిసీ తన ముఖాన పెట్టలేక, చాటుగా రబ్బరు గుడ్డ కొని, చాటుగా కుట్టి, రోజూ గడపలో నిలబడి తిన్న్యావా మా అని అడిగాడు. తనను చంటిపిల్లకు చేసినట్టు చేశాడు. భూమి చీలి మింగితే బాగుండుననిపించింది. విప్పిన మూలను మళ్ళీ తానే సూది తీసి కుట్టేసింది, చూసినట్టు కొడుకుకు తెలియకుండా.

మరుసటి రోజు, కూతురు సైదా బీని చూసి రావాలని ఉందంది. సైదా బీ మొగుడు ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడు. హుసేనప్ప కాదనలేదు. కాదనలేదనే సంగతి కూడా ఆమె గమనించింది. బస్సులో ఖాళీగా ఉన్న వెనక సీట్లో, కిటికీ పక్కన, ఎవరూ లేనిచోట కూర్చుంది. పక్క సీటు మీద తన మూట పెట్టుకుంది.

సైదా బీ ఇల్లు చిన్నది. ముందు గదంతా గుంట మగ్గమే. జాలాడి అంటూ ఏమీ లేదు, పెరట్లో ఒక బండ, పక్కనే నేల మీద తెరుచుకుని ఉన్న చిన్న కాలువ. జొహరాబీ వెళ్ళిన రోజే గోనెసంచులు అడిగి తీసుకుని, వాకిలి పక్కన వసారాలో పడుకుంటానంది. లోపల గాలాడదని సాకు చెప్పింది. అక్కడ కూడా వాసన ఎప్పుడు మొదలవుతుందా అని రోజూ ఎదురుచూసింది. రోజులు గడిచినా ఎవరూ ముక్కు మూసుకోలేదు. ఆఖరికి ఉండబట్టలేక అడిగింది.

"సైదా, నా కాడ ఏమన్నా వాసన వస్తాందా?"

"ఏం వాసన మా? సీకాయ వాసన వస్తాంది," అంది కూతురు నూలు చుడుతూ.

జొహరాబీ నమ్మలేదు. కడుపున పుట్టిన బిడ్డ, తల్లిని నొప్పించకూడదని దాస్తోంది అనుకుంది. కొడుకు దాయలేదా? కూతురు మటుకు దాయదా? ఆమెకు తన ముక్కు మీద నమ్మకం పోయింది. ఎదుటివాళ్ళ మంచితనం మీద అంతకుముందే పోయింది. ఆ రోజు నుంచి కూతురు మరీ ప్రేమగా మాట్లాడితే జంకేది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం హుసేనప్ప వచ్చాడు. బస్టాండు నుంచి పరుగెత్తి వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. గడప దాటకముందే నవ్వుతూ అరిచాడు.

"మా! నీది కాదు మా! వాసన నీది కాదు, గొట్టానిది!"

మగ్గం చప్పుడు ఆగిపోయింది. అల్లుడు గుంటలోంచి తల తిప్పి చూశాడు. సైదా బీ కండె కింద పెట్టి, "ఏం వాసనన్నా? అమ్మది కాకపోవడమేంది?" అంది. ఇన్నాళ్ళూ తాను ప్రాణం ఉగ్గబట్టుకుని దాచిన సంగతి ఒక్క కేకతో ఇంటి నడిమధ్యన పడింది. జొహరాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హుసేనప్పకు అదేమీ కనిపించలేదు. చెప్పుకుపోతున్నాడు. అమ్మ ఊరికి పోయాక వాసన పోతుందనుకుంటే ఇంకా ఎక్కువైంది. గది మూసిపెట్టినా పడసాలలోకి వచ్చేసింది. షరీఫా బీ గదంతా ఫినాయిలు వేసి కడిగి, తూములో రెండు బకెట్లు గుమ్మరించింది. వాసన టక్కున ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని వంటింట్లో కుడితి బకెట్టు వంపింది. ఇవతల గదిలో తూము గుడగుడమని నీళ్ళన్నీ మింగేసింది, వాసన మళ్ళీ మొదలు. అప్పుడు గిడ్డయ్యను పిలిచారు. అతడు తూము మీద అరచేయి ఆనించి, వంటింట్లో బకెట్టు పోయించి, చేయి లోపలికి గుంజుకుంటోందని చూపించాడు. తిన్నగా మిద్దె ఎక్కాడు.

"ఎక్కి గోనెగుడ్డ ఇప్పి, దూది బయటికి పెరికినాడు మా. ఈ దూది పెట్టిన గాడిద ఎవరని నన్నే అడిగినాడు. నేనే మా ఆ గాడిదను! లక్ష్మక్క సండిగెల కోసరం నేనే పెట్టింటి. గాలి అందక గొట్టం నీ తూములో నీళ్ళన్నీ గుంజేసేది. నువ్వు సూస్తే సుక్క నీళ్ళు తూముకు పొయ్యవు. ఇప్పుడు గొట్టాన్ని పొడుగు చేసి, నోరు అవతలికి తిప్పినాడు. వాసన లేదు, ఏమీ లేదు. పోదాం పా, మా!"

మొదట జొహరాబీకి కలిగింది సంతోషమే. తాను శుభ్రమైన మనిషి. ఇన్ని రోజుల నమాజులూ చెల్లుతాయి. కొంగు తీసి, అందరూ చూస్తుండగానే, మెల్లగా వాసన చూసుకుంది. సీకాయ వాసన వచ్చింది. కూతురు చెప్పింది నిజమే. ఆ తర్వాత తలెత్తి కొడుకు వంక చూసింది.

"నువ్వు పరుపులో రబ్బరు గుడ్డ పెట్టి కుట్టినావు కదరా," అంది.

హుసేనప్ప నవ్వు ముఖం మీదే చచ్చిపోయింది. ఆమెకు తెలుసని అతడికి తెలియదు.

"సూసినావా మా?"

"నీ పెండ్లాం సాంబ్రాణి ఏసినప్పుడు నేను నమ్మలేదు. మున్నీ అన్నప్పుడూ గట్టిగా నమ్మలేదు. అవునో కాదో అనుకుంటాంటి. నీ కుట్టు సూసినంక నమ్మినాను. నా కొడుకే అనుకున్న్యాడంటే నిజమే అయ్యుంటాదని నమ్మినాను."

"మా, నువ్వు బాధపడకూడదని..."

"నన్ను ఒక్క మాట అడగకూడదా?"

"ఎట్ల అడుగుదు మా? తల్లిని ఆ మాట ఎట్ల అడుగుదు? సిగ్గయింది."

"నీకు అడిగేదానికి సిగ్గయింది. నేను నీళ్ళు తాగేదానికి సిగ్గుపడి బతికినానురా," అంది జొహరాబీ. గొంతు పెంచలేదు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే హుసేనప్ప తట్టుకునేవాడే. గుంటలోంచి అల్లుడు లేచి, ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోయాడు. సైదా బీ అన్న వంక చూడకుండా చెంబు నిండా నీళ్ళు తెచ్చి తల్లి చేతికిచ్చింది. ఆమె ఆగకుండా తాగింది. ఆ తాగడం చూడలేక హుసేనప్ప తల దించుకున్నాడు.

కొడుకుతో ఆదోనికి తిరిగి వచ్చింది. రాకుండా ఏం చేస్తుంది? గొట్టం బాగైంది. తూము గుడగుడ ఆగిపోయింది. షరీఫా బీ కాళ్ళ మీద పడినంత పని చేసింది. హుసేనప్ప పరుపు విప్పి రబ్బరు గుడ్డ తీసేశాడు. రోజూ రెండు పూటలా మర్చిపోకుండా చెంబెడు నీళ్ళు ఆ తూములో పోయడం అతడే చేసేవాడు, అంత పెద్ద అంగడి యజమాని, పంచె ఎగగట్టుకుని. వీధిలో ఎవరడిగినా తన దూది కథ తానే చెప్పి తిట్టించుకునేవాడు. జొహరాబీ మళ్ళీ ఫాతెహాలకు పోయింది. నోరూ కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. అంతా సర్దుకుందని వీధివాళ్ళు అనుకున్నారు.

కొన్నేళ్ళ తర్వాత, ఎనభై నాలుగో ఎనభై అయిదో, ఒక చలికాలం పగటిపూట అందరూ పడసాలలో కూర్చుని అన్నం తింటున్నారు. జొహరాబీ ఏదో పాత కథ చెబుతోంది, మున్నీ నవ్వుతోంది. షరీఫా బీ ఒకసారి ముక్కు ఎగబీల్చింది. మళ్ళీ ఒకసారి ఎగబీల్చింది.

జొహరాబీ కథ మధ్యలో ఆపేసింది. పళ్ళెం చేత్తో పట్టుకుని, గోడ ఆసరాతో లేచి, వాకిలి దగ్గరికి నడిచింది. గాలి వీధిలోకి పోయే వైపు చూసుకుని, అక్కడ, గడప పక్కన చతికిలబడింది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. తాను లేచినట్టు ఆమెకే తెలిసిందో లేదో.

హుసేనప్ప చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. షరీఫా బీ ఎంగిలి చేయి అలాగే పెట్టుకుని పరుగున అత్త దగ్గరికి పోయింది.

"జలుబత్తా! నాకు జలుబు చేసింది, అంతే. ఒట్టు, ఉత్త జలుబు," అంది ఏడుపు గొంతుతో. "వచ్చి ఆడ కూసో అత్తా."

"తెలుసులేమ్మా. ఈడ గాలి బాగుండాది," అంది జొహరాబీ. మిగతా అన్నం అక్కడే కూర్చుని తినేసింది.